బాయిలర్ కంటికి బొట్టు

నేను ఒక గ్యాస్ బర్నర్‌ని. అంటే వంటింటి పొయ్యి అనుకునేరు! నా మీద ఎవరూ పాలు కాచుకోలేదు, పప్పు పోపు పెట్టుకోలేదు. గదంత బాయిలర్ కొలిమి ముందు కూర్చుని, మనిషి నిలువుకు మించిన మంటను దాని కడుపులోకి ఊదేదాన్ని. ఇప్పుడు తణుకు దగ్గర ఒక శిక్షణ కేంద్రం షెడ్డులో, సిమెంటు దిమ్మ మీద, మూతి వంకరపోయి కూర్చున్నాను. బాయిలర్ పని నేర్చుకునే వాళ్లు గుంపుగా వస్తారు, నన్ను చూసి "అమ్మో" అంటారు, టీకి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టను. మీరు కాస్త నిలబడ్డారు కాబట్టి చెబుతున్నాను.

నేను పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డు కింద. నన్ను ఊహించి, గీసి, కోసి, అతికించింది వకుళ అనే ఇంజనీరు. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు. చదువు అయిన కొత్తలో ఎక్కడో ఒక బాయిలర్ పేలిన చోటికి వెళ్లి, గోడకు అంటుకుపోయిన ఒక చొక్కాను చూసిందట. అప్పటి నుంచి మంట అంటే ఆమెకు భక్తీ లేదు, భయమూ లేదు. అనుమానం ఒక్కటే ఉంది.

ఆ అనుమానం న్యాయమైనదే. మంటకు రెండు దుర్గుణాలు. గ్యాసు జోరుగా వస్తే మూతి వదిలి ఎగిరి ఆరిపోతుంది. మరీ నెమ్మదిగా వస్తే గొట్టంలోకే వెనక్కి పాకుతుంది. ఈ రెండింటి మధ్య దాన్ని కుదురుగా కూర్చోబెట్టడం, అల్లరి పిల్లాణ్ని తలంటుకు కూర్చోబెట్టడం లాంటిదే. వకుళ నా మూతిలో వంపు తిరిగిన రెక్కలు అమర్చింది. గాలి వాటి మీదుగా సుడి తిరుగుతూ పోయేది. ఆ సుడి నడుమ వేడి కొంత వెనక్కి మళ్లి, కొత్తగా వచ్చే గ్యాసును అంటిస్తూ ఉండేది. రెక్కలు ఎక్కువ వంచితే మంట పొట్టిదై నా మూతినే కాల్చింది. తక్కువ వంచితే దడదడలాడి ఆరిపోయింది. కొయ్యడం, వంచడం, అతకడం, వెలిగించడం, తిట్టుకోవడం, మళ్లీ కొయ్యడం. ఎన్ని రెక్కల జతలు పాత ఇనుములో కలిశాయో లెక్కలేదు. చివరికి ఒక సాయంత్రం మంట నీలంగా, నిలకడగా నిలబడింది. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె తప్ప.

"నిలబడ్డది సరే. ఆరిపోతే?" అంది.

ఆమె గొడవంతా అదే. ఆరిన మంట ఎవరినీ చంపదు. అది ఆరిందని తెలియక గ్యాసు వస్తూనే ఉంటే, కొలిమి నిండా చేరి, ఎర్రగా కాలిన ఇటుక తగలగానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అందుకని నాకొక కన్ను పెట్టింది. మంటలో మీకు కనపడని వెలుగు ఒకటి ఉంటుంది. నా కన్ను చూసేది దాన్నే. అది కనపడినంతసేపే గ్యాసు. కనపడని మరుక్షణం రెండు వాల్వులు టపటపా మూసుకుంటాయి.

"కన్నే ఖరాబైతేనో మేడం?" అని వెల్డింగ్ మేస్త్రి అడిగాడు.

"ఖరాబైతే మంట లేదనే అనుకుంటది. ఆగిపోతది. ఆగిపోతే ఎవ్వరు చావరు."

మంట మండుతుండగానే వచ్చి నా కంటికి అరచెయ్యి అడ్డం పెట్టేది. నేను ఆగిపోయేదాన్ని. "శభాష్" అనేది. ఆగినందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే.

భీమవరం అవతల ఒక తవుడు నూనె మిల్లు నన్ను కొనుక్కుంది. అంతకుముందు అక్కడ ఊక కాల్చేవారు. బాయిలర్ చూసే పోసియ్య ఆ పొగలోనే జుట్టు నెరిసిన మనిషి. నా నీలి మంటను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "ఓరినీ, పొగే లేదు! ఇన్నాళ్లూ నా ఊపిరితిత్తుల్ని వరికళ్లం చేసేశారు గదండీ" అని నవ్వాడు. వకుళ దగ్గరుండి అన్నీ నేర్పింది. వెళ్లేముందు ఒక మాట చెప్పింది.

"పోసియ్యన్నా, నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. ఈ కన్నును మాత్రం మోసం చెయ్యనియ్యకు. నీ పాణం దీని చేతులుంది."

"ఆయ్. నా కళ్లలో పెట్టుకు చూసుకుంటానండి."

చూసుకున్నాడు కూడా. వచ్చీ రాగానే నా ఒళ్లు తుడిచి, కొలిమి గోడకున్న గాజు కిటికీ రంధ్రంలోంచి మంటను పలకరించి గాని టీ తాగేవాడు కాదు. మంచివాడి చేతిలో పడ్డాననుకున్నాను. నిజంగానే పడ్డాను. దాని వల్ల ఏం ఒరిగిందో వినండి.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మిల్లు ఆపేసి, యంత్రాలన్నీ కడిగి, పనివాళ్ల ఇంట్లో వాళ్లను కూడా లోపలికి రానిచ్చేవారు. పోసియ్య నా కన్నును ఊడదీసి శుభ్రం చేసి, రెంచీలు, స్పానర్లతో పాటు అరిటాకు మీద పెట్టాడు. అతని భార్య నూకరత్నం పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొచ్చింది.

"ఇదేంటయ్యా, టార్చిలైటులాగుంది?"

"టార్చిలైటు కాదే పిచ్చిదానా, ఇదే కన్ను. లోపల మంట ఆరిందనుకో, నాకంటే ముందు దీనికే తెలుత్తాది. ఠక్కున గ్యాసు కట్టేత్తాది. ఇది ఉన్నంతకాలం నాకేం కాదు."

ఆవిడ దాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. "అయితే ముందు దీనికే పెట్టాలి" అంది. రెంచీలకు పెట్టినట్టు ఒక చుక్కతో సరిపెట్టలేదు. తడి పసుపు అద్దమంతా గుండ్రంగా, ఓపిగ్గా రాసి, నడుమ కుంకుమ దిద్దింది. "తల్లీ, మా ఆయన్ని చూసుకో" అని కళ్లకద్దుకుంది. నాకు తెలిసి ఒక యంత్రానికి ఎవరైనా అంత మనసు పెట్టి దణ్ణం పెట్టడం అదే.

పూజ నాడు బొట్టు చెరపకూడదు కదా! మర్నాడు పోసియ్యే లెంపలేసుకుని, బనీను గుడ్డతో తుడిచాడు. కుంకుమ పోయింది. పసుపు పోయిందనే అతను అనుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూస్తే అద్దం మెరిసింది కూడా. మనిషి కంటికి ఆ మిగిలిన లేత పచ్చదనం ఒక లెక్కలోది కాదు. నేను చూసే వెలుగును మాత్రం పసుపు దాదాపుగా మింగేస్తుంది.

ఇక నా అవస్థ చూడండి. మంట భగభగా మండుతూనే ఉంది, మూతి కాలుతూనే ఉంది, కాని ఒకసారి కనపడుతుంది, ఒకసారి కనపడదు. నాకు నేర్పిన పాఠం ఒక్కటే. కనపడకపోతే ఆగు. ఆగాను. పోసియ్య మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆగాను. ఆవిరి పడిపోయి నూనె తీసే పని నిలిచింది. తవుడు నిలవ ఉంటే ముక్కిపోతుంది. మేనేజరు భద్రరాజు ఫోను చెవిన పెట్టుకునే బాయిలర్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏరా పోసియ్యా, ఏంటిది? తవుడంతా కంపు కొడతంది!"

"మేడం గారికి ఫోన్ చేశానండి రాజుగారూ. అద్దం తుడిచావా అన్నారు, తుడిచానన్నాను. ఎల్లుండి వత్తానన్నారండి. అందాకా ఆపమన్నారు."

"ఎల్లుండి దాకా ఆపితే నువ్వు నేను ఇంటికెళ్లి పడుకోవాలి. మంట కళ్లెదురుగా కనపడతంది కదరా! నీకు కళ్లున్నాయి కదా!"

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కన్ను మాట విని వాల్వులు మూసే నా డబ్బాలో ఒక తీగ, దానికొక స్విచ్చి పెట్టించాడు. మంట వెలిగాక ఆ స్విచ్చి నొక్కితే చాలు. నేను ఏం చెప్పినా సరే, మంట ఉన్నట్టే లెక్క.

"వద్దండీ, ప్రాణాల మీదికొత్తాది" అన్నాడు పోసియ్య.

"అందాకేరా. ఆవిడొచ్చేదాకా."

అందాకా! మీ మనుషులు కనిపెట్టిన వాటిల్లో ఇంత గట్టి తీగ ఇంకోటి లేదు. ఇనుము తుప్పు పడుతుంది, రబ్బరు చీలుతుంది, 'అందాకా' మాత్రం అరగదు, తరగదు. మిల్లు మళ్లీ నడిచింది. మర్నాడే భద్రరాజు వకుళకు ఫోను చేసి, "బాగైపోయిందమ్మా, మీరు రానక్కర్లేదు, శ్రమెందుకు" అన్నాడు. ఆమె నమ్మింది. ఒక చుక్క స్పిరిట్‌తో తుడిస్తే పోయే పసుపు అది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

పోసియ్య మాత్రం ఆ స్విచ్చిని నమ్మలేదు. అప్పటి నుంచి కుర్చీ లాక్కుని కిటికీ రంధ్రం ముందే కూర్చునేవాడు. నా కన్ను చెయ్యాల్సిన పని తన కళ్లతో చెయ్యాలని చూశాడు పాపం. నీళ్లు చూడాలి, పంపు చూడాలి, పిలిస్తే పలకాలి. మనిషి రెప్ప వెయ్యకుండా ఎంతసేపని చూస్తాడు?

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం. పోసియ్య పంపు దగ్గర బోల్టు బిగిస్తున్నాడు. బయటి గొట్టంలో గ్యాసు సన్నగిల్లి, మళ్లీ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆ తన్నుకు మంట నా మూతి వదిలి ఎగిరి ఆరిపోయింది. నాకు తెలిసింది. మంట లేదు, మంట లేదు అని నేను చెబుతూనే ఉన్నాను. నా మాట ఆ తీగ దాకా వెళ్లి అక్కడే చచ్చిపోయింది. రెండు వాల్వులూ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. బాయిలర్ కడుపులోకి గ్యాసు పోస్తున్నది నేనే. ఆపుకోలేను. అంతకంటే నరకం ఏ యంత్రానికీ రాకూడదు.

చప్పుడు మారడం విని పోసియ్య పరిగెత్తుకొచ్చాడు. రంధ్రంలోంచి చూస్తే మంట లేదు, ఎర్రగా కాలిన ఇటుకలే. పారిపోవచ్చు. తలుపు అతని వెనకే ఉంది. అవతల బస్తాలు మోసేవాళ్లు అన్నాలు తింటున్నారు.

"బయటికి పోండెహే! పోండి!" అని కేకేసి, చేత్తో తిప్పే గ్యాసు వాల్వు మీదికి వంగాడు. సగం తిప్పాడు.

తర్వాత గోడ లేదు. పోసియ్య లేడు. అన్నాలు తింటున్నవాళ్లు బతికారు.

దుమ్ము దిగకముందే ఎలక్ట్రీషియన్ వచ్చి తీగా స్విచ్చీ పీకేశాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, తర్వాత తనిఖీ అధికారులు వచ్చారు. భద్రరాజు నా కన్నును వాళ్ల చేతిలో పెట్టి, "చూడండి, అద్దానికి ఇంకా పసుపు జాడ ఉంది! వాళ్లావిడ పూజ పేరు చెప్పి పూసిందండి. వీడు సరిగ్గా తుడవలేదు. ఎవర్ననుకుంటాం, వాళ్ల కర్మ" అన్నాడు. నూకరత్నం అక్కడే, కూలిన ఇటుకల పక్కన నిలబడి ఉంది. ఆ మాట విని ఏడవలేదు. తన కుడిచేతి వేలిని చూసుకుంది.

అధికారులు పిలిపిస్తే వచ్చిన వకుళ ఆ ఇటుకల్లోనే గొంతుకూర్చుని, నా కన్నును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"నిజమే, పసుపే. దీనికి కనపడలేదు" అంది. భద్రరాజు ఊపిరి పీల్చుకున్నాడు. "కనపడకపోతే ఇది ఆగాలె సార్. గుడ్డిదైతే ఆగుడే దీని పని. నా చేతులతో వందసార్లు మూసి చూసిన. అసలు ఆ పసుపు ఉన్నన్ని దినాలు ఈ బాయిలర్ ఎట్ల నడిచింది? ఎవరో ఆగనియ్యలేదు."

అధికారులు డబ్బా విప్పారు. రెండు మరల తలల మీద, ఈమధ్యే విప్పినట్టు, స్క్రూడ్రైవర్ కొత్త గీతలు తళతళ మెరుస్తున్నాయి. పక్కన కాలి అంటుకుపోయిన ఎర్ర తీగ ముక్క ఒకటి మిగిలింది. భద్రరాజు మళ్లీ ఫోను చెవిన పెట్టుకుని అవతలికి వెళ్లాడు. కేసు ఇంకా నడుస్తోంది. మిల్లు కూడా కొత్త బాయిలర్‌తో నడుస్తోంది.

నన్ను ఈ శిక్షణ కేంద్రానికి తెచ్చారు. వకుళ మాట సాయంతో నూకరత్నానికి ఇక్కడే ఊడ్చే పని దొరికింది. షెడ్డులో అన్నీ తుడుస్తుంది. నా దిమ్మ చుట్టూ ఊడుస్తుంది. నన్ను మాత్రం ముట్టుకోదు.

మొన్న దసరాకు వకుళ కొత్త బర్నర్ ఒకటి తెచ్చి నా ఎదురుగా పెట్టింది. నా చెల్లెలే అనుకోండి. రెక్కలు అవే. కన్ను మాత్రం గొట్టం లోపల, చెయ్యి పోని చోట ఉంది. దాని నుదుటి మీద గుండ్రటి ఇత్తడి బిళ్ల ఒకటి. దాని చుట్టూ తెలుగులో చెక్కి ఉంది: బొట్టు ఇక్కడ పెట్టండి.

వకుళ నూకరత్నాన్ని పిలిచి, పసుపు కుంకుమ పళ్లెం అందించింది. "మొదటి బొట్టు నువ్వే పెట్టాలె అక్కా" అంది.

నూకరత్నం ఆ బిళ్లను వేలితో తడిమింది. "ఇక్కడ పెడితే ఏం కాదా అమ్మా?"

"ఏం కాదు."

"ఎంత పెట్టినా?"

"ఎంత పెట్టినా."

ఆవిడ పసుపులో వేలు ముంచింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తల తిప్పి, అన్నాళ్ల తర్వాత మొదటిసారి, నా వైపు చూసింది.

"మరి ఆయేళ దీనికి ఈ బిళ్ల లేదేంటమ్మా?" అంది.

నూకరత్నం పసుపు వేలిని కొంగుకు తుడుచుకుని, చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆ బిళ్ల ఇంకా ఉత్తిదే.