బుట్ట తీసుకున్నంత కాలం

మంగళవారం మా ఇంట్లో చేపలకు ముళ్ళు ఉండవు. జైలు కిటికీ దగ్గర ముల్లున్న చేపను, ఎముకున్న మాంసాన్ని తీసుకోరు. అందుకని అమ్మ పొద్దున్నే కూర్చుని, వేయించిన సార్డీన్ చేపలను వేళ్ళతో తడిమి తడిమి ముళ్ళు తీస్తుంది.

"నా కొడుకు గొంతులో గుచ్చుకుంటుందని వాళ్ళకెంత బెంగో!" అంటుంది. బెంగట, బెంగ! వాళ్ళ మొహాలకి!

మా తమ్ముడు ఖమీస్ ట్యూనిస్‌లో బత్తాయిల బండి తోసేవాడు. మునిసిపాలిటీ పోలీసు తక్కెడ లాక్కుంటే వీడు అతని చెయ్యి పట్టుకున్నాడు. చేసిన నేరం అంతే. విచారణ లేదు, తీర్పు లేదు, అన్నీ వాయిదాలే. వాడికి చిన్నప్పటి నుంచీ షుగరు. పూటపూటా ఇన్సులిన్ పడకపోతే బతకడు.

అందుకే వారం వారం గోధుమరవ్వ కుస్‌కుస్, చేపలు, ఉతికిన బట్టలు, మందు డబ్బా బుట్టలో సర్ది నేను పట్టుకెళ్తాను. ఆ బుట్ట లోపలికి పోతుంది. పోయిన వారం బుట్ట విడిచిన బట్టలతో బయటికొస్తుంది. మనిషిని మాత్రం చూడనివ్వరు. వాడి చొక్కాల చెమట వాసనే మాకు వాడి క్షేమసమాచారం.

ఆ మంగళవారం వచ్చిన చొక్కాలకు వాసన లేదు. జైలు గోడ పక్కనే నిలబడి బుట్ట తీసి చూశాను. నేను పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. అడుగున మందు డబ్బా, సీలైనా తీయలేదు. మాకు తెలియాలని తోటి ఖైదీ ఎవరో పెట్టి పంపి ఉంటాడు. పరుగున కిటికీ దగ్గరికెళ్ళాను.

"ఏయ్, మళ్ళీ వచ్చావేం?" అన్నాడు కాపలావాడు.

"మీరు మందు ఇవ్వలేదు! వాడు చచ్చిపోతాడయ్యా!"

"డాక్టరు చూసి ఇవ్వాలి. డాక్టరు సెలవు."

"సెలవు డాక్టరుకి గానీ రోగానిక్కాదుగా!"

"ఏయ్, నోరు ఎక్కువైంది నీకు. జరుగు."

అక్కణ్ణుంచి తమ్ముడి కేసు చూసే వకీలు మొంసెఫ్ గారి దగ్గరికి పోయాను. "అమ్మా దలెందా, వైద్యం ఖైదీ హక్కు. చట్టంలో స్పష్టంగా ఉంది. ఇవాళే అర్జీ వేస్తాను," అన్నాడాయన.

"ఆ చట్టాన్ని సూదిలోకి ఎక్కించి పొడవండి మరి!"

పాపం, తల దించుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టయింది నా పని. ఆయన మాత్రం ఏం చేస్తాడు? అర్జీ వేశాడు. రోజూ వెళ్ళి అడిగాను. జవాబు రాలేదు.

జైలు వరుసలో ఎప్పుడూ నా ముందు నిలబడే జాజియా పెద్దమ్మ ఒక్కతే ధైర్యం చెప్పింది. "పిచ్చిదానా, బుట్ట తీసుకున్నంత కాలం మనిషున్నట్టే. నీ బుట్ట తీసుకున్నారా లేదా?"

తీసుకున్నారు. ఆ మాట పట్టుకునే వారమంతా వేలాడాను.

ఇంట్లో అమ్మ ఆ మంగళవారమే అడిగింది. "వాడి బట్టలేవే?"

"నేనే ఉతికేశాలే."

"వాసనైనా చూడనివ్వలేదు కదే!" అని అలిగింది. ఏం చెప్పను?

మళ్ళీ మంగళవారం వచ్చింది. కిటికీలో బుట్ట పెట్టి తమ్ముడి పేరు చెప్పాను. కాపలావాడు నా మొహం వంక చూసి కుర్చీలోంచి లేచాడు.

"అక్కా," అన్నాడు.

ఏయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరది.

"ఇది ఇంక వద్దక్కా. ఆఫీసులోకి రా."

ఆఫీసులో ఒకాయన "సహజ మరణం" అన్నాడు. కుర్చీ చూపించాడు. నీళ్ళు తాగమన్నాడు. మందివ్వక వాణ్ణి దాహంతో చంపి నాకు నీళ్ళిస్తారా అని అరవాలనుకున్నాను. నా నోరు, ఊరంతా భయపడే నా నోరు, ఆ నీళ్ళే తాగింది. కొత్త మందు డబ్బా బుట్టలో చేపల పక్కనే ఉంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. ఎప్పటిలాగే ఒంటి చేత్తో బుట్ట అందుకుంది. బరువుకు చెయ్యి కిందికి వాలింది. మూత తీసి చూసింది. చేపలు చేపల్లాగే ఉన్నాయి.

అమ్మ మొహం మాడిపోయింది. తప్పు చేసినదానిలా నా వంక చూసింది.

"ముల్లేమైనా ఉండిపోయిందటే?" అని అడిగింది.