వదిన కుర్చీకి నాలుగో నంబరు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ ఆ రోజు ఆసుపత్రి విచారణ కౌంటరు వెనక, మా వదిన కుర్చీ పక్కనే పెట్టిన అట్టపెట్టెను చూస్తే ఎంత శాంతమైన మనిషికైనా ఒళ్లు మండేది. దాని మీద పెద్ద అక్షరాలతో 'పాతది, తీసేయాలి' అని రాసి ఉంది. పెట్టె ఇంకా ఖాళీగానే ఉంది. అందులోకి వెళ్లాల్సింది వదిన కంప్యూటరులోని మాట్లాడే కార్డు.

మా వదినకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు. తెర మీదికి వచ్చే ప్రతి అక్షరాన్నీ కంప్యూటరులోని ఆ కార్డు చదివి, ఆవిడ చెవిలోని ఇయర్‌ఫోనులో వినిపిస్తుంది. మనం వింటే చేటలో గింజలు చెరుగుతున్న చప్పుడులా ఉంటుంది, అంత వేగంగా పెట్టుకుంటుంది. కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లు పేరు చెప్పి నోరు మూసేలోపే "రెండో అంతస్తు, ఎడమవైపు, కిటికీ పక్క మంచం" అని చెప్పేస్తుంది. గొంతులో కంగారు వినిపిస్తే మంచినీళ్లు ఎక్కడున్నాయో కూడా చెబుతుంది. కంప్యూటర్లు బాగుచేసి బతికేదాన్ని, వాటి ముందు కూర్చున్నవాళ్లని ఎంతమందినో చూశాను. మా వదినంత దర్జాగా కూర్చునే మనిషిని మాత్రం చూడలేదు. ఆడపడుచు నోటి వెంట వదిన గురించి ఇంతకంటే ఏం రావాలి?

ఆ వారమే ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నిటినీ ఒకదానికొకటి కలిపారు. అడ్మిషన్ గదిలో పేరు ఎక్కించగానే కౌంటరులో కనబడాలని వాళ్ల ఆలోచన. కాంట్రాక్టరు మనిషి ప్రతి కంప్యూటరులోనూ ఒక నెట్‌వర్క్ కార్డు బిగించుకుంటూ వచ్చాడు. అన్నిచోట్లా లక్షణంగా పనిచేసింది. వదిన దగ్గర మాత్రం కొత్త పేరు వచ్చినప్పుడల్లా చెవిలో మాట సగంలో ఆగిపోయేది. మాట వస్తే పేర్లు రావు, పేర్లు వస్తే మాట రాదు. అతను కేబుల్ మార్చాడు, ప్లగ్గు మార్చాడు, చివరికి చేతులెత్తేసి, మాట్లాడే కార్డు పీకేస్తే సరిపోతుందని తేల్చాడు.

సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. "మీ జీతానికేం ఢోకా లేదమ్మా. రికార్డు గదిలో ఫ్యాను కింద కుర్చీ వేయిస్తాను, హాయిగా కూర్చోండి" అన్నాడట. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లేలోపు రెండు కార్డులూ కలిసి పనిచేస్తే సరే, లేకపోతే రేపటి నుంచి ఆ కుర్చీలో వేరే గుమస్తా.

"హాయిగా కూర్చుని ఏం చేయాలంట?" అంది వదిన, నేను వెళ్లగానే. నవ్వుతూనే అంది గానీ, ఇయర్‌ఫోను తీగను వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. వదిన చేతులు పనిలేకుండా కదలడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

కంప్యూటరు మూత విప్పాను. రోగం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. లోపలున్న ఒక్కో భాగానికీ ఒక నంబరు ఉంటుంది. పని పడినప్పుడు అది ఆ నంబరుతోనే ప్రాసెసర్‌ని పిలుస్తుంది. మాట్లాడే కార్డుది ఐదు. కాంట్రాక్టరు మనిషి ముందూ వెనకా చూడకుండా ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఐదే పెట్టాడు. ఒకే నంబరుతో ఇద్దరు పిలిస్తే ఎవరికి పలకాలో తెలియక ప్రాసెసర్ తెల్లమొహం వేస్తోంది.

"ఇంతేనా? అయితే మార్చెయ్" అంది వదిన.

మాట్లాడే కార్డు పాతకాలపుది, ఐదుని వదలదు. నెట్‌వర్క్ కార్డు మీద మాత్రం నంబరు మార్చే చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంది. దాన్ని మూడుకి జరిపాను. మాటా వచ్చింది, పేర్లూ వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపే ఊరవతలున్న ఆసుపత్రి శాఖ నుంచి, ఫోను తీగ మీద కబుర్లు తెచ్చే మోడెమ్‌లో కబురొచ్చి మొత్తం బిగుసుకుపోయింది. మూడు మోడెమ్‌ది. ఏడుకి జరిపాను. గేటు పాసు అచ్చు వేయబోతే ప్రింటరు సగం కాగితం మింగి ఊరుకుంది. ఏడు దానిది. ఇక ఆ కార్డుకి మిగిలిన నంబరు నాలుగు ఒక్కటే, అది మౌసుది.

తల ప్రాణం తోకకొచ్చింది. కాంట్రాక్టరు మనిషినీ, ఆ కార్డులు అమ్మినవాళ్లనీ, పనిలో పనిగా మా అన్నయ్యనీ తిట్టాను. అన్నయ్య ఏం చేశాడని వదిన అడగలేదు. ఆవిడకి అలవాటే.

"అమ్మాయ్, తిట్లు తర్వాత. మన వసారాలో మేకుల సంగతి గుర్తుందా?" అంది.

ఎందుకు గుర్తుండదు? వదిన కాపురానికి వచ్చిన కొత్తలోనే వసారా గోడకి మనిషికో మేకు కొట్టించింది. ఎవరి తువ్వాలు, ఎవరి సంచీ వాళ్ల మేకుకే. పక్కవాళ్ల మేకుకి తగిలించామా, ఆ పూట అక్షింతలే. ఖాళీ మేకు కనబడినా ఊరుకోదు, చేతికి గీసుకుంటుందని పీకించేస్తుంది.

"ఇప్పుడు మేకుల గొడవెందుకు వదినా?"

"ఐదు నా మాటది. మూడు ఫోనుది, దాంతో రోజూ పనే. ఏడు ప్రింటరుది, అదీ కావాలి. నాలుగు ఎవరిదన్నావు?"

"చెప్పాగా, మౌసుది."

"దాన్ని ఎవరు వాడతారు?"

నా చేతిలోని మౌసు వంక చూశాను. వచ్చినప్పటి నుంచీ ఆ మౌసుని కదుపుతూ, నొక్కుతూ పరీక్షలన్నీ చేసింది నేను. వదిన దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. బాణం తెర మీద ఎక్కడుంటే ఆవిడకేం? ఆవిడకి పనంతా కీబోర్డుతోనే. ఇన్నేళ్లూ ఆ మౌసు బల్ల మీద దుమ్ము పట్టిపోతూ, నాలుగో నంబరులో తిష్ఠ వేసుకుని కూర్చుంది. మౌసు లేకుండా కంప్యూటరు ఉంటుందనే ఊహ కళ్లున్నవాళ్లం ఒక్కరికీ తట్టలేదు.

"వదినా, నీకు దణ్ణం పెట్టాలి."

"ముందు మేకు పీకు."

మౌసుని పీకితే చాలదు. దాన్ని తగిలించిన పోర్టు తెరిచి ఉన్నంతసేపూ నంబరు దాని పేరునే ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి పోర్టు మూసేశాను. టోపీని నాలుగుకి జరిపి కంప్యూటరు మళ్లీ ఆన్ చేశాను. అడ్మిషన్ గదికి ఫోను చేసి వచ్చిన పేర్లన్నీ వరసగా పంపమన్నాను. ఆ సందట్లోనే గేటు పాసూ అచ్చు వేశాను, మోడెమ్‌నీ కదిలించాను. తెర వైపు చూడలేదు. వదిన మొహమే చూస్తూ నిలబడ్డాను. తీగ చుడుతున్న వేలు ఆగిపోయింది.

అప్పటికే కిటికీ అవతల ఒకతను, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, వాళ్లమ్మ పేరు చెబుతున్నాడు. ఇప్పుడే తీసుకొచ్చారట.

"పైకి తీసుకెళ్లారు నాయనా. మొదటి అంతస్తు, కుడివైపు చివరి గది. మెట్లు నీ వెనకే ఉన్నాయి, మెల్లగా వెళ్లు" అంది వదిన.

అతను మెల్లగా వెళ్లలేదు, పరుగెత్తాడు. నేను వదిన వైపు తిరిగాను. ఈ మనిషినా ఫ్యాను కింద కూర్చోబెట్టేది?

సూపరింటెండెంటు సంచీ భుజాన తగిలించుకుని వచ్చాడు. ప్రింటరు, పేర్లు, మాట అన్నీ ఆడుతున్నాయని చెబితే నమ్మలేదు. "ఏదీ, నన్నోసారి చూడనివ్వండి" అన్నాడు. వదిన లేచి కుర్చీ ఇచ్చింది.

ఆయన కూర్చుని, తెర వంక చూస్తూ, కుడిచెయ్యి బల్ల మీదికి పోనిచ్చాడు. ఆ చెయ్యి కాస్త పక్కకి జరిగింది. కాస్త వెనక్కి వచ్చింది. కీబోర్డు వెనక తడిమింది. రబ్బరు స్టాంపుని పట్టుకుని వదిలేసింది.

బల్ల మీద అరచెయ్యి జరుగుతున్న చప్పుడుని వదిన తల కొంచెం వంచి వింటోంది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"ఏం వెతుకుతున్నారు సార్?"

"మౌసు ఏదమ్మా?"

"ఆ అట్టపెట్టెలో ఉందండి."

ఆయన పెట్టెలోకి వంగి చూశాడు. పెట్టె మీద రాసింది కూడా చదువుకున్నాడు. "మరి అది లేకుండా ఈ కుర్చీలో వేరేవాళ్లు ఎలా పనిచేస్తారు?" అన్నాడు నెమ్మదిగా.

వదిన కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది.

"కొంచెం లేస్తారా సార్? కిటికీ దగ్గరికి ఎవరో వచ్చారు."

ఆయన లేచాడు.