రేవులపాడు శాంతి సంఘం

కొండమ్మ మనవరాలు కుంటనీళ్ళు తాగి చచ్చిపోయిన వారానికి రేవులపాడు హైస్కూల్లో ఐక్యరాజ్యసమితి దినోత్సవం జరిగింది.

పిల్ల చావు సంగతి స్కూల్లో ఎవరూ ఎత్తలేదు. ఎందుకు చచ్చిపోయిందో అందరికీ తెలుసు. అది పంతొమ్మిది వందల ఎనభై ఏడు. పత్తికి తెల్లదోమ పట్టింది. ఒక మందుకి చావకపోతే రైతులు రెండు మూడు కలిపి కొట్టించారు. కొట్టేది ఊరవతల పేటలో ఉండే కూలివాళ్ళు. చేల మధ్య ఉన్న కుంటలో నీళ్ళు ముంచి డ్రమ్ముల్లో మందు కలిపేవాళ్ళు, పని అయ్యాక పంపులు ఆ కుంటలోనే కడిగేవాళ్ళు. పేట తాగేదీ ఆ కుంటనీళ్ళే. ఊరికి మంచినీళ్ళ చెరువుంది. సాగరు కాలవ వదిలినప్పుడు నింపుకుంటారు. పేటవాళ్ళు దాని రేవులోకి దిగకూడదు. గట్టుమీద బిందె పెట్టి నిలబడితే, ఊరి ఆడవాళ్ళెవరన్నా ముంచి పోస్తే పోసినట్టు, లేకపోతే లేదు. కూలికి పోవాల్సిన మనుషులు పూటంతా అక్కడ నిలబడలేరు. అందుకని కుంట.

పిల్లను పాతిపెట్టి వచ్చిన రోజే పేట మందు కొట్టడం మానేసింది. చెరువులో దిగనిస్తేనే చేలో దిగుతామన్నారు. ఊళ్ళో పత్తి ఆకులు జిగటపట్టి నల్లబడుతున్నాయి. రెండు వైపులా కర్రలు బయటికొచ్చాయి.

అలాంటి సమయంలో సోషల్ మేష్టారు ఇమ్మానియేలు పిల్లల ముందు నిలబడి సమితి పుట్టుక గురించి చెప్పాడు. పేటలో పుట్టి బీయే, బీయీడీ చదివిన మొదటి మనిషి అతను. చెప్పేది ఏదైనా ముందు రోజు చదువుకుని వచ్చి, ఒక్క ముక్క వదలకుండా చెప్తాడు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక నానాజాతి సమితి అని ఒకటి పెట్టారనీ, అమెరికా అసలు చేరలేదనీ, జపానూ జర్మనీ ఇటలీ మధ్యలో లేచిపోయాయనీ, పెద్దవాళ్ళు లేని సభ మాట ఎవరూ వినలేదనీ, అందుకే రెండో యుద్ధం వచ్చిందనీ చెప్పాడు. ఆ అనుభవంతోనే నలభై అయిదులో శాన్‌ఫ్రాన్సిస్కోలో యాభై దేశాలు కూర్చుని కొత్త సమితికి నిబంధనలు రాసుకున్నాయి. సర్వప్రతినిధి సభలో చిన్న దేశానికైనా పెద్ద దేశానికైనా ఒకటే ఓటు. భద్రతా మండలిలో మాత్రం అయిదుగురు శాశ్వత సభ్యులు. వాళ్ళలో ఏ ఒక్కరు కాదన్నా తీర్మానం చెల్లదు. దాన్నే వీటో అంటారు.

"ఇది అన్యాయం కదా అని మీకనిపించవచ్చు," అన్నాడు. "కానీ ఆ అధికారం ఇవ్వకపోతే పెద్ద దేశాలు వచ్చి కూర్చునేవి కావు. కూర్చోకపోతే మాటలుండవు. మాటలు లేకపోతే యుద్ధమే."

ముఖ్య అతిథిగా వచ్చిన మండల రెవెన్యూ అధికారి రాధాకృష్ణమూర్తి గారు ఈ మాటలకి తల ఊపారు. సభ అయ్యాక హెడ్మాస్టరు గదిలోకి ఇమ్మానియేలును పిలిపించారు.

"మేష్టారూ, బాగా చెప్పారు. మనమూ ఇక్కడ ఒక శాంతి సంఘం పెడదాం. నిబంధనలు మీరు రాయండి. కార్యదర్శి కూడా మీరే."

"బసవపున్నయ్య గారు మాతో కూర్చుంటారాండీ?"

"కూర్చోబెట్టే ఉపాయం ఇందాక మీరే చెప్పారుగా."

బసవపున్నయ్యది ఊళ్ళో అందరికంటే పెద్ద కమతం. ఆయన కూర్చుంటే మిగతా నలుగురు పెద్దరైతులూ కూర్చుంటారు. హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "తొందరపడకు ఇమ్మానియేలూ. అది పుస్తకంలో ఉండే సమితి," అన్నారు.

"నిజంగా ఉందండీ అది," అన్నాడు ఇమ్మానియేలు.

ఆ సాయంత్రం చర్చి అరుగుమీద పేట అంతా కూడింది. అతను రాసింది చదివాడు. ఊరి నుంచి అయిదుగురు, పేట నుంచి అయిదుగురు. తీర్మానం చెల్లాలంటే ఎక్కువమంది ఒప్పుకోవాలి, ఊరి అయిదుగురిలో ఏ ఒక్కరూ కాదనకూడదు.

ముందుగా అతని తల్లి ఎలీసమ్మ అందుకుంది. "మనలో ఎవరన్నా కాదంటేనో?"

"మన మాట లెక్కలోకొస్తుందమ్మా. ఓటు ఉంటుంది."

"ఆపుతుందా?"

"ఆపదు."

"మరదేం మాటరా? దిష్టిబొమ్మకి చొక్కా తొడిగినట్టు."

నవ్వారు. మందు కొట్టే కుర్రాళ్ళకి పెద్ద యేసుపాదం. అతను నవ్వలేదు. "అన్నా, ఆ దేశాల్లో కూడా మనలాంటి కుంటనీళ్ళ దేశాలున్నాయా?"

"ఉన్నాయి. చాలా ఉన్నాయి."

"ఆ సంఘంలో చేరాక వాటికి చెరువులిచ్చారా?"

"ఒరేయ్, మళ్ళీ అంత పెద్ద యుద్ధం రాలేదురా. అది చిన్న సంగతా? రేపు వాళ్ళు కర్రలేసుకుని పేట మీదికొస్తే ఎంతమందిమి మిగుల్తాం? ముందు వాళ్ళని కూర్చోనివ్వండి. మొహం మొహం చూసుకుని అడిగితే, పిల్ల చచ్చిపోయిందని తెలిసి, అయిదుగురిలో ఎవడు కాదంటాడు?"

కొండమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "నాకు యుద్ధాల సంగతి తెలీదయ్యా. పిల్ల ఎటూ రాదు. ఇంకో పిల్ల పోకుండా నీళ్ళొస్తాయంటే నువ్వు చెప్పినట్టే చేద్దాం. చదువుకున్నోడివి."

రేషన్ కార్డులు తెప్పించింది అతనే. ఎవరికి ఆస్పత్రి చీటీ కావాలన్నా అతనే. ఆ నమ్మకం మీద పేట సరేనంది. యేసుపాదం మాత్రం లేచిపోతూ, "పంపు మన భుజం మీదున్నంతసేపేనన్నా మన మాటకి విలువ. దించాక ఎవడు చూస్తాడు?" అన్నాడు.

పంచాయతీ ఆఫీసులో మొదటి సమావేశం. ఊరి అయిదుగురికి కుర్చీలు. పేట అయిదుగురూ బెంచీ మీద కూర్చోబోతే, తలారి పీరు, ఏమీ తెలీనట్టు, దాన్ని వరండాలోకి లాగి చాప పరిచాడు. చాపమీద కూర్చున్నారు. కార్యదర్శి కనక ఇమ్మానియేలుకి బల్ల దగ్గర స్టూలు దక్కింది. ఎమ్మార్వో గారు మధ్యలో ఉన్నారు. పేటవాళ్ళు వెంటనే మందు కొట్టడానికి రావాలనీ, ఎవరూ ఎవరిమీదా చెయ్యి చేసుకోకూడదనీ మొదటి తీర్మానం. పది చేతులూ లేచాయి. ఇమ్మానియేలు సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాడు.

"చెరువు సంగతండీ," అన్నాడు యేసుపాదం చాపమీద నుంచి.

"ముందు చేలు గట్టెక్కనివ్వరా," అన్నాడు బసవపున్నయ్య. కోపంగా అనలేదు. "పైరు పోతే నువ్వూ నేనూ కలిసి ఏ నీళ్ళు తాగుతాం? వచ్చే సమావేశంలో చూద్దాం."

పేట మళ్ళీ పంపులు భుజానికెత్తుకుంది. కుంటలో కడగొద్దని ఇమ్మానియేలు చేలవెంట తిరిగి చెప్పాడు. రైతులు సరేనన్నారు. వేరే నీళ్ళు చూపించినవాడు లేడు. కుర్రాళ్ళు మళ్ళీ కుంటలోనే కలిపారు, కుంటలోనే కడిగారు. ఇళ్ళల్లో నీళ్ళు కాచి గుడ్డతో వడగట్టుకుని తాగారు. వాసన పోలేదు.

మందు పని ఒక కొలిక్కి వచ్చింది. పత్తి తీతకి కనిగిరి వైపునుంచి కరువుకి లేచొచ్చిన కూలీలు ఎడ్లబళ్ళమీద దిగారు. సగం కూలికే వచ్చారు. అప్పుడు రెండో సమావేశం పెట్టారు.

పేటవాళ్ళను రేవులోకి దిగనివ్వాలన్న తీర్మానం ఇమ్మానియేలు నిలబడి చదివాడు. చాపమీద అయిదు చేతులూ ముందే లేచాయి. కుర్చీల్లో శేషగిరి చెయ్యెత్తాడు. ఒకరి తర్వాత ఒకరు ఇంకో ముగ్గురు ఎత్తారు. తొమ్మిది చేతులు. ఇమ్మానియేలు బసవపున్నయ్య వైపు చూశాడు.

"నేనొప్పుకోను," అన్నాడాయన.

"అయ్యా, పసిపిల్ల పోయింది..."

"నా కోడలు నీళ్ళోసుకుంది. ఇంట్లో పూజలున్నాయి. నాకు కుదరదు. నేను కాదంటే చెల్లదని నువ్వే రాశావు. చెల్లుతుందా?"

ఇమ్మానియేలు ఎమ్మార్వో గారి వైపు తిరిగాడు. ఆయన కాగితాలు సర్దుకుంటున్నారు. "నిబంధన నిబంధనే కదా మేష్టారూ."

"చెల్లదండీ," అన్నాడు ఇమ్మానియేలు.

బయట వరండాలో శేషగిరి అతని భుజం తట్టాడు. "మేం నలుగురం ఒప్పుకున్నాం చూశావుగా. మా తప్పేం లేదు." నలుగురూ ఒకే బండిలో, బసవపున్నయ్యతో కలిసి వెళ్ళిపోయారు.

పేటలో ఆ కబురు చెప్పినప్పుడు ఎవరూ తిట్టలేదు. తిడతారని అతను ఎదురుచూశాడు. ఎలీసమ్మ ఇంట్లోకెళ్ళి సత్తుబిందె తీసుకొచ్చింది. "ఇక సంఘాలొద్దు. పొద్దున్నే చెరువుకి పోతున్నాం. వచ్చేవాళ్ళు రండి." కొండమ్మ కూడా లేచింది.

ఆ మాట తెల్లారేలోగా ఊరికి చేరింది. ఆడవాళ్ళు చెరువుగట్టు ఎక్కేసరికి ఊరి మగాళ్ళు ఆవలిగట్టున కర్రలతో ఉన్నారు. రేవు మెట్లమీద పోలీసులున్నారు. శాంతికి భంగం కలగకుండా ఎమ్మార్వో గారు పిలిపించారట. ఇటు నుంచి అటు ఎవరూ పోకుండా, అటు నుంచి ఇటు ఎవరూ రాకుండా వాళ్ళు మధ్యలో నిలబడ్డారు. ఆవలివాళ్ళకి ఇటు రావాల్సిన పనిలేదు. నీళ్ళు వాళ్ళవే.

"వెనక్కి పోండమ్మా," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు. మర్యాదగానే అన్నాడు. "రెండు వైపులా మాకు ఒకటే. ఎవరు మెట్టు దిగినా ఊరుకోం."

"వాళ్ళు రోజూ దిగుతారు కదయ్యా," అంది ఎలీసమ్మ. "వాళ్ళనెప్పుడన్నా ఆపావా?"

సబ్ ఇన్‌స్పెక్టరు ఇమ్మానియేలు కోసం వెతికాడు. అతను ఆడవాళ్ళ వెనకాల స్కూలుకు వెళ్ళే తెల్లచొక్కాతో ఉన్నాడు. "కార్యదర్శి గారు మీరేగా. సంఘం తరఫున చెప్పండి వీళ్ళకి. మీ మాట వింటారు. రక్తపాతం లేకుండా పోతుంది."

ఆవలిగట్టున బసవపున్నయ్య కండువా సర్దుకుంటూ చూస్తున్నాడు. ఇవతల ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి ఇమ్మానియేలును చూశారు. ఏం చెప్తాడో వినడానికి నిజంగానే ఆగారు. చెప్తే వెనక్కి పోతారు. అది అతనికి తెలుసు. చెప్తే ఉద్యోగం ఉంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు, సంఘం ఉంటుంది. మళ్ళీ సమావేశం పెట్టుకోవచ్చు.

అతను తల్లి చేతిలోంచి బిందె తీసుకుని మెట్లు దిగాడు.

మూడో మెట్టుమీద లాఠీ తగిలింది. నీళ్ళదాకా చేరాడు. బిందె ముంచాడు కూడా. పైకెత్తుతుంటే ఇద్దరు కానిస్టేబుళ్ళు అతని చేతులు విరిచిపట్టారు. బిందె నీళ్ళల్లోకి జారి మునిగిపోయింది. గట్టుమీద ఆడవాళ్ళు అరుస్తూ ముందుకొచ్చారు, లాఠీలు లేచాయి. కొండమ్మకి తల పగిలింది. ఆవలిగట్టు నుంచి ఒక్కరూ కదల్లేదు. కదలాల్సిన అవసరం రాలేదు.

కేసు ఇమ్మానియేలు మీద పెట్టారు, శాంతిభద్రతలకి భంగం కలిగించాడని. స్కూలు నుంచి సస్పెండ్ చేశారు. శాంతి సంఘం సమావేశమై కార్యదర్శిని తొలగించింది. అయిదుగురూ ఒప్పుకున్నారట. చాపమీదికి ఎవరూ రాలేదు.

తాలూకా సబ్‌జైలుకి ఎలీసమ్మ బస్సెక్కి వచ్చింది. కారియర్లో అన్నం, గోంగూర పచ్చడి తెచ్చింది. చువ్వల అవతల కూర్చుని మూత తీసింది. ఆమె మోచేతికి కట్టు ఉంది.

"కొండమ్మత్తకెలా ఉందమ్మా?"

"లేచి తిరుగుతోంది. తల తిరుగుడంటోంది. యేసుపాదం గుంటూరు యార్డుకి పోయాడు మూటలు మొయ్యడానికి. కుర్రాళ్ళు చాలామంది పోయారు. చేలల్లో మనల్ని రానివ్వట్లేదు."

"నేనే రాశానమ్మా అది."

"రాశావులే. తిను."

అతను ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. అన్నంలోంచి సన్నగా మందు వాసన వచ్చింది.

"ఏ నీళ్ళమ్మా ఇవి?"

"ఏ నీళ్ళుంటాయిరా మనకి?" అంది ఎలీసమ్మ. "కాచే వండాను. తిను నాయనా."

అతను తిన్నాడు.