ఆఖరి జానెడు

ఆ రూలు నా వల్లే వచ్చింది. ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం.

పోయినేడు మా సైకిల్ క్లబ్బువాళ్ళ రెండొందల కిలోమీటర్ల రైడులో, సరిగ్గా అరవయ్యో కిలోమీటరు దగ్గర నా వెనక టైరు పంచరైంది. పంచరు ఎవరికైనా అవుతుంది, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ నేను రోడ్డు పక్కన కూర్చుని గంటన్నరసేపు కుస్తీ పట్టినా టైరు ఊడి రాలేదు. చివరికి క్యాబేజీ బస్తాల వ్యాను ఒకటి ఆగితే, బస్తాల మధ్య సైకిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వెనక్కొచ్చాను. పోనీ ఆ డ్రైవరు నన్ను ఏ సందు చివరో దింపాడా అంటే, అదీ లేదు. మర్యాదస్తుడు. తిన్నగా తీసుకెళ్ళి, బల్లలు వేసుకుని నీళ్ళ సీసాలు సర్దుకుంటున్న క్లబ్బువాళ్ళ ముందే ఆపాడు. ఆ రోజు నుంచి క్లబ్బులో నా పేరు వ్యాను. వ్యాను వచ్చిందా, వ్యానుకి చోటివ్వండి, వ్యాను ఈసారి ఏం లోడు తెచ్చింది. ఏడాదిగా ఇదే.

ఈ ఏడు రైడు ఫారంలో కొత్త లైను ఒకటి కనిపించింది. రైడు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం మూడింటికి, ప్రతి ఒక్కరూ క్లబ్బు హాల్లో తమ వెనక టైరు పూర్తిగా ఊడదీసి, మళ్ళీ ఎక్కించి, గాలి కొట్టి చూపించాలి. ఇరవై నిమిషాలు. ఎవరూ సాయం చెయ్యకూడదు. చెయ్యలేకపోతే నంబరు ఇవ్వరు, నంబరు లేకపోతే రైడు లేదు. అందులో నా పేరు ఎక్కడా లేదు. అయినా ఆ లైను చదివిన ప్రతివాడూ తలెత్తి నావైపే చూశాడు.

సరే, చూసుకుందాం అనుకున్నాను. ఈసారి పంచరన్న మాటే ఉండకూడదని మందపాటి కొత్త టైర్లు కొన్నాను. దుకాణం ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, నావైపు కూడా చూడకుండా, ఒట్టి బొటనవేళ్ళతో రెండు నిమిషాల్లో ఎక్కించేశాడు. ఇంతేనా అనుకున్నాను. ఆ 'ఇంతేనా' తర్వాత వారం రోజులు నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేనుండేది మా పిన్ని దగ్గర. పిన్ని సోఫాలకి కవర్లు కుడుతుంది. ముందు గదంతా ఆవిడ కార్ఖానా. ఒక మూల మిషను, ఒక మూల నిలబెట్టిన స్పాంజి దిమ్మలు, మధ్యలో గుడ్డ కోసుకోవడానికి ఖాళీ నేల. ఆ ఖాళీ నేల మీద సోమవారం సాయంత్రం నేను చక్రం పడేసుకుని కూర్చున్నాను.

ఊడదియ్యడం కష్టమే గానీ టైరు అంచు లేపే ప్లాస్టిక్ లివర్లు మూడు పెట్టి పళ్ళు బిగించి లాగితే వచ్చింది. ఎక్కించడం దగ్గరే మొదలైంది అసలు గొడవ. టైరు రెండంచుల్లోనూ సాగని తీగ ఉంటుంది. ఆ అంచు రిమ్ము గోడ దాటి లోపలికి దిగాలి. మొదటి అంచు ఏదోలా దిగింది. ట్యూబు పెట్టాక రెండో అంచు కూడా ముప్పావు వంతు వరకూ తలవంచుకుని బుద్ధిగా వెళ్ళిపోతుంది. ఆఖర్న ఒక్క జానెడు మిగులుతుంది. జానెడంటే జానెడే. ఆ జానెడు నన్ను చూసి వెక్కిరిస్తుంది. ఇక్కడ నొక్కితే అక్కడ ఊడుతుంది, అక్కడ మోకాలు అడ్డం పెట్టి ఇక్కడ నొక్కితే రెండు వైపులా ఊడుతుంది. లివరు పెట్టి ఎత్తితే లివరు విరిగింది. రెండోది పెడితే అంచు ఎక్కింది, హమ్మయ్య అని గాలి కొడితే సుయ్‌మంది. తీసి చూస్తే లివరు కింద పడి నలిగి, ట్యూబుకి పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు కన్నాలు.

మంగళవారం ఒక ట్యూబు. బుధవారం ఒక ట్యూబు, ఒక లివరు, కుడి బొటనవేలి మీద ఒక బొబ్బ. గురువారం ఎడమ బొటనవేలి మీద కూడా. వీడియోలు చూశాను, ఒకటి కాదు, ముప్పై చూసుంటాను. అన్నిట్లోనూ ఎవరో ఒకాయన నవ్వుతూ, చూశారుగా ఎంత తేలికో అంటాడు. వాడి టైరు వదులు, అందుకే వాడికి నవ్వొస్తోంది. దుకాణానికి వెళ్ళి ఇవి వాపసు తీసుకోండని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒకసారి ఎక్కించిన టైరు వాపసు తీసుకోం అన్నాడు. మరి రిమ్ముకి ఇంత బిగుతు టైరు ఎందుకిచ్చారంటే, బిగుతుగా ఉంటేనే మంచిదమ్మా, మలుపుల్లో ఊడదు అన్నాడు. నాకు మలుపుల దాకా వెళ్ళే యోగం ఉంటే కదా.

శుక్రవారం సాయంత్రానికి నేను మనిషిలా లేను. సబ్బునీళ్ళు పూసుకుని, జుట్టంతా మొహం మీద పడి, చక్రాన్ని గోడకి ఆనించి కాలితో తొక్కుతున్నాను. పిన్నికి ఆ నేల కావాలి, ఏదో ఆఫీసు సోఫాలకి గుడ్డ కోసుకోవాలట. రెండుసార్లు నెమ్మదిగా చెప్పింది. మూడోసారి కత్తెర కింద పెట్టేసి వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

"నువ్వా చక్రాన్ని తన్నడం ఆపవే ముందు. అదేం చేసింది నిన్ను?"

ఏం చేసిందో వరసగా చెప్పాను. టైరు చిన్నదన్నాను, రిమ్ము పెద్దదన్నాను, కంపెనీవాళ్ళు కొలతలు తప్పు వేశారన్నాను, ఈ దేశంలో ఎవరికీ పని రాదన్నాను. పిన్ని అంతా వింది. కాస్త నూనె రాయకూడదా అంది. నూనె రబ్బరుని తినేస్తుంది పిన్నీ అని కసురుకున్నాను. ఆవిడ నొచ్చుకోకుండా రిమ్ము దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పైకి నెట్టుకుని, గుడ్డ నేత చూసినట్టు లోపలంతా వేలు పెట్టి తడిమింది.

"ఇదేంటి, మధ్యలో కాలవలా ఉంది?"

"అదంతే. రిమ్ములన్నీ అలాగే ఉంటాయి."

"అలాగే ఉంటాయి సరే. దేనికి?"

మూడేళ్ళుగా సైకిలు తొక్కుతున్నాను, ఆ కాలవని వెయ్యిసార్లు చూసుంటాను, దేనికి అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పిన్ని తన పని సంగతి చెప్పడం మొదలుపెట్టింది. స్పాంజి ఎప్పుడూ కవరు కంటే అర అంగుళం పెద్దదే కోస్తుందట. సరిగ్గా కోస్తే నాలుగు రోజుల్లో కవరు ముడతలు పడుతుంది. పెద్దది చిన్నదాంట్లో పట్టాలి, అదే పనితనం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చివర్న జిప్పు పడక, జిప్పు దగ్గరే పెనుగులాడి జిప్పు చింపేస్తారట. తప్పు జిప్పు దగ్గర ఉండదు. ఎదురుగా ఉన్న మూలలో స్పాంజి పూర్తిగా దిగక అక్కడ గుడ్డ వృథాగా నిలబడి ఉంటుంది. వెనక్కెళ్ళి ఆ మూల సర్దుకుంటూ వస్తే వదులంతా చేతిలోకి వస్తుంది.

"నీకిక్కడ జానెడు చాలట్లేదు. అంటే ఆ జానెడు ఇంకెక్కడో దాక్కుంది," అంటూ టైరు అంచుని రెండు వేళ్ళతో పట్టి, గోడ మీద నుంచి తప్పించి మధ్య కాలవలోకి నెట్టింది. "ఇక్కడ లోతు. లోతులో చుట్టుకొలత తక్కువ కదా. చుట్టూ ఇలా లోపలికి దింపుకుంటూ రా, మిగులుతుందో లేదో చూద్దాం."

నేను చుట్టూ దింపుకుంటూ వచ్చాను. వాల్వు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంచు దిగలేదు. ట్యూబులోంచి వచ్చే ఆ గొట్టం రిమ్ము కన్నంలో దూరి మధ్యలో మేకులా నిలబడి ఉంది. పిన్ని దాన్నీ చూసింది, నన్నూ చూసింది.

"ఇక్కడ అడ్డముంది, ఎలాగూ దిగదు. మరి నువ్వు రోజూ ఇక్కడే మొదలుపెడతావెందుకే?"

ఎందుకంటే ట్యూబు పెట్టడం అక్కడే మొదలవుతుంది కాబట్టి టైరు కూడా అక్కడే మొదలవ్వాలనుకున్నాను. అంతకు మించి కారణం లేదు. వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి, చుట్టూ కాలవలోకి దింపుకుంటూ వచ్చి, వాల్వు దగ్గర ముగించాను. ఆ జానెడు నాలుగు వేళ్ళయింది, నాలుగు వేళ్ళు రెండయ్యాయి, బొటనవేళ్ళతో నెడితే టప్పుమని లోపల పడింది. లివరు లేదు, కన్నం లేదు. నేను నేల మీదే వెల్లకిలా పడుకుని ఉండిపోయాను. పిన్ని మాత్రం, ఇంక లే తల్లీ, నా గుడ్డ కోసుకోవాలి అంది.

లేచాను గానీ వంటగదిలోకి పోయి మళ్ళీ ఊడదీసి ఎక్కించాను. పదిహేడు నిమిషాలు. ఇంకోసారి. పదమూడు.

శనివారం మూడింటికి హాలు నిండా జనం. రైడుల్లో టైము చూసే, గంటలాయన అని మేము పిలిచే పెద్దాయన, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని నా ముందు స్టూలు వేసుకున్నాడు. నా చుట్టూ ఉన్న గుంపు మాత్రం వేరే ఎవరి చుట్టూ లేదు. ఒకడు బయటికెళ్ళి వ్యాను సిద్ధంగా ఉందేమో చూసొస్తానన్నాడు.

ఊడదియ్యడంలోనే తొమ్మిది నిమిషాలు పోయాయి, చేతులు చెమటకి జారుతున్నాయి. మొదటి అంచు, ట్యూబు, రెండో అంచు. వాల్వు దగ్గర ముగించబోతే జానెడు కాదు, జానెడున్నర మిగిలింది. లివరు వైపు చెయ్యి వెళ్ళింది కూడా. ఎక్కడో దాక్కుంది, అనుకున్నాను. లివరు వదిలేసి, చక్రం తిప్పి, ఎదురు వైపు నుంచి రెండు చేతులతో పిసుక్కుంటూ, మళ్ళీ మొదటి నుంచి దింపుకుంటూ వచ్చాను. టప్పుమంది. పంపు అందుకుని గాలి కొట్టాను. చక్రం తిప్పి వదిలితే తిరిగింది.

"పంతొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు," అన్నాడు గంటలాయన. కాగితం మీద టిక్కు పెట్టి, నంబరు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. అరవై రెండు. గుంపులో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా మొహం ఎంత వెలిగిపోయిందో నాకు తెలీదు గానీ, చెంపలు నొప్పెట్టాయి.

ఆయన లేవబోయి ఆగాడు. వంగి టైరు పక్కన చూశాడు.

"అమ్మాయ్, ఈ బాణం గుర్తు చూశావా?"

చూశాను. టైరు ఏ వైపు తిరగాలో చెప్పే బాణం. అది వెనక్కి చూస్తోంది.

రూల్లో బాణం సంగతి లేదు, నంబరు నీదే, తొక్కినా ఏమీ కాదు, తడి రోడ్డు మీద పట్టు కాస్త తగ్గుతుందేమో అంతే అన్నాడాయన, చాలా దయగా. ముందు చక్రమైతే తిప్పి బిగించుకుంటే సరిపోయేది అని కూడా అన్నాడు. అది నాకూ తెలుసు. ఇది వెనక చక్రం. పళ్ళ చక్రాలు ఒక పక్కే ఉంటాయి, తిప్పడానికి లేదు. నవ్వులు మొదలయ్యాయి. వెనక్కి నడిచే వ్యాను అన్నాడొకడు.

ఫోను మోగింది, పిన్ని. అయిందా అని అడిగింది. అయింది, నంబరిచ్చారు అన్నాను. మరి ఏడుపు గొంతేంటే అంది. మళ్ళీ చెయ్యాలి పిన్నీ, తిరగేసి పెట్టాను అన్నాను. అవతల మిషను చప్పుడు ఆగింది. నవ్వుతుందనుకున్నాను.

"విప్పి కుట్టుకో. నేను రోజూ చేసేది అదే," అంది, పెట్టేసింది.

నంబరు జేబులో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. గంటలాయన స్టూలు తీసుకుని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. చూడ్డానికి ఏమీ లేదని గుంపు కూడా విడిపోయింది. గాలి వదిలాను. ఊడదీశాను. బాణం ముందుకి చూస్తోందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. మొదటి అంచు, ట్యూబు, రెండో అంచు. మళ్ళీ జానెడు మిగిలింది.

నేను దాని జోలికి వెళ్ళలేదు. చక్రం తిప్పి ఎదురు వైపు పట్టుకున్నాను.