మెరుగు పెట్టిన రాడ్డు

తార్నాకలో పాత ఇంజిన్ సామాన్లు అమ్మే పరుశురాం లెక్క ఒక్కటే: మెరిసే సరుకు సగం బేరం తానే ఆడుకుంటుంది. అందుకే ఏ ఇంజిన్ విప్పినా భాగాలన్నీ కిరోసిన్‌లో కడిగి, అద్దంలా మెరుగు పెట్టి గానీ బల్ల ఎక్కించడు.

ఆ ఉదయం తొమ్మిదింటికి అలేఖ్య పరుగున వచ్చింది. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చివరి ఏడాది. పిస్టన్ కదలిక చక్రాన్ని ఎలా తిప్పుతుందో చూపే నమూనా కోసం మొన్న ఇక్కడే కనెక్టింగ్ రాడ్డు కొన్నది.

"అంకుల్, బోల్టులు బిగిస్తే క్రాంకు జామ్ అయితున్నది. పదకొండింటికి సార్ చూస్తడు. తిరగకుంటే ప్రాజెక్టు పోయినట్టే. కొలతలు నేనే తప్పు తీసిన గావచ్చు. ఎమెరీ పేపర్ ఇయ్యి, బేరింగు గీకుతా."

"ఆగు బిడ్డా! గీకితే ఇగ గంతే."

పరుశురాంకు సంగతి అర్థమైంది. రాడ్డు కింది కొసకు విడిగా ఒక క్యాపు ఉంటుంది. రెండూ కలిసి క్రాంకును, అంటే చక్రాన్ని తిప్పే వంకర ఇరుసును, పట్టుకుంటాయి. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే. జత తెలియడానికి రెంటి మీదా ఒకే అంకె కొడతారు. ఆ ఇంజిన్ నాలుగు రాడ్లనూ, వాటి క్యాపులనూ ఒకే తొట్టిలో వేసిందీ, మెరుగు కోసం అంకెలు అరగదీసిందీ తనే.

ఎమెరీ పేపర్ చేతిలో పెట్టి పంపితే తప్పు పిల్ల మీదికి పోతుంది, తన పేరు నిలుస్తుంది. ఆ లెక్క ఒక్క క్షణం వేసి చూశాడు. నచ్చలేదు. మిగిలిన మూడు క్యాపులు సంచిలో వేసుకుని, షట్టర్ దించి, ఆమెతో ఆటో ఎక్కాడు.

ల్యాబులో ఒక్కో క్యాపూ రాడ్డుకు ఆనించి అతుకు మీద గోరు నడిపాడు. మొదటిదానికి గోరు తట్టింది. రెండోదానికీ తట్టింది. మూడోదాని మీద ఎక్కడా తట్టకుండా జారిపోయింది.

"బిగించు బిడ్డా."

అలేఖ్య చక్రం తిప్పింది. పిస్టన్ పైకి పోయి, ఓ క్షణం ఆగి, కిందికి దిగింది.

అప్పుడే సోమయాజులు సార్ లోపలికొచ్చారు. "నిన్న జామ్ అయిందన్నావు కదమ్మా, ఏం పొరపాటు చేశావు?"

"పొరపాటు నాది సార్" అన్నాడు పరుశురాం, ఆమె నోరు విప్పేలోపే. "మెరుగు పెట్టుకుంట అంకెలు చెరిపేసిన. క్యాపులు కలిసిపోయినయ్."

"మా పిల్లలు చాలామంది మీ దగ్గరే కొంటారు" అన్నారు సార్ నెమ్మదిగా.

"ఎరుకే సార్." ఆ నష్టం ఆటోలోనే లెక్కేసుకుని వచ్చాడు.

సార్ అలేఖ్య వైపు తిరిగారు. "నువ్వూ అతుకు తడిమి చూడలేదు. సరే, రాడ్డు పనేంటో చెప్పు."

"పిస్టన్‌కు పైకీ కిందికీ పోవుడే తెలుసు సార్, క్రాంకుకు తిరుగుడే తెలుసు. రాడ్డు పై కొస పిస్టన్ ఎంబడి పోతది, కింది కొస క్రాంకు ఎంబడి తిరుగుతది. గందుకే కింద ఎంట్రుకంత తేడా ఉన్నా పట్టేస్తది."

సార్ మార్కులు వేసుకుంటూ, తలెత్తకుండానే అడిగారు. "మరి మిగతా రాడ్లు ఏం చేస్తారు?"

"అంకెలు కొట్టే పంచి ఉంటే ఒక్కపూట ఇయ్యిండ్రి సార్" అన్నాడు పరుశురాం. "జతలు చూసి కొట్టుకుంట."