నడుమ కుంగిన కేకు

మా అత్త జయమ్మాళ్ మాతో ఉండటానికి మా ఇంటికి వచ్చిన నెలకే నా కేకులు నడుమ కుంగడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఆరేళ్లు, ఉద్యోగం చేసుకుంటూనే, పాండిచ్చేరి ముత్యాలపేటలో సగం పుట్టినరోజులకు నేనే కేకు చేశాను. ఒక్కటీ కుంగలేదు. కాబట్టి తప్పెవరిదో తేల్చడానికి నాకు పెద్దగా ఆలోచించే పని పడలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది.

అత్త ఇడ్లీ వేసే తీరు చూస్తే ఎవరైనా నాలాగే అనుకుంటారు. గిన్నె పొయ్యి మీద పెట్టిన అయిదు నిమిషాలకే మూత ఎత్తి, వేలు తడి చేసుకుని ఇడ్లీని పొడుస్తుంది. మళ్లీ మూత, మళ్లీ వేలు. ఇడ్లీ దానికి ఓర్చుకుంటుంది, కేకు ఓర్చుకోదు. లోపలి పిండి గట్టిపడక ముందే అవన్ తలుపు తీస్తే వేడి పడిపోతుంది, పొంగిన నడుమ కూలిపోతుంది. కేకు కాలే సమయంలో ముప్పావు వంతు గడిచేదాకా ఆ తలుపు జోలికి పోకూడదు.

అలాగని ఆమె సాయం చేయలేదని కాదు. కాలాపేటలో ఆఫీసు ముగించుకుని నేను బస్సు దిగి వచ్చేసరికి ఆరవుతుంది. ఆమె నాలుగింటికే పిండి కలిపి, పళ్లెం మూత వేసి పెట్టేది. కొలతలు ఒకసారి చెబితే చాలు, గ్రాము తేడా రాదు. నేను టిన్నులో పోసి, అవన్‌లో పెట్టి స్నానానికి పోయేదాన్ని. ఆ కాసేపూ వంటింట్లో అత్త ఒక్కతే.

నాలుగో కేకు పక్కింటి సెంగమలం అక్క అరవయ్యో పుట్టినరోజుది. గుంటలో క్రీము పూడ్చి ఇచ్చాను. కోస్తే ముక్కలో సగం క్రీమే. అక్క ఏమీ అనకుండా తిన్నది, అదే నాకు ఎక్కువ మండింది. ఇంటికొచ్చి అత్త మీద పడ్డాను.

"ఇంకెన్నిసార్లు తెరుస్తారత్తా? చెప్తే వినరే!"

"నేను తెరవలా హేమా."

"మరి దెయ్యం తెరిచిందా? అబద్ధం ఎందుకు చెప్తారు?"

ఆ మాట నోరు దాటగానే తప్పనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. నా కోపం అంతే, దిగి రావడం దానికి చేతకాదు.  ఆదివారం పొద్దున్నే అత్త సంచి సర్దుకుంది. ఏంబలం ఊళ్లో తన తమ్ముడింట్లో ఒక మూల తప్ప ఆమెకు వేరే చోటు లేదు. ఎనిమిదిన్నర బస్సుకు ఏడున్నరకే బయల్దేరింది. "మళ్లీ ఎప్పుడొస్తావమ్మా?" అని మా ఆయన మణిమారన్ అడిగితే, "ఇంక యాడికి వచ్చేది" అని ఆయన స్కూటరు వెనక ఎక్కింది. నావైపు చూడలేదు.

వంటింట్లోకి పోతే ఆ రోజు ఆర్డరుకు పిండి కలిపి ఉంది. తెల్లవారుజామునే లేచి తన పని చేసి మరీ పోయింది. సిగ్గేసింది. పిండి టిన్నులో పోసి, అవన్ ముందే పీట వేసుకుని కూర్చున్నాను. తలుపు ఎవరూ ముట్టలేదు. పాతిక నిమిషాలకు, గాజులోంచి నేను చూస్తుండగానే, పొంగిన నడుమ మెల్లగా దిగిపోయింది.

అత్త అబద్ధం చెప్పలేదు.

గిన్నెలో మిగిలిన పిండి చూశాను. పైనంతా పగిలిపోయిన బుడగలు. ఇడ్లీ పిండి పులవాలి, దోసె పిండి నానాలి. కలిపిన పిండిని వెంటనే పొయ్యెక్కించడం ఆమె చేతికి అలవాటు లేని పని. బేకింగ్ పౌడర్‌కేమో తడి తగిలిన క్షణం నుంచే బలం తగ్గుతూ వస్తుంది. పిండి రెండు గంటలు నిలవున్నాక మిగిలే కాస్త బలం కేకును పైకి లేపగలదు గానీ, నడుమ గట్టిపడేదాకా నిలబెట్టలేదు. ముందు అవన్ వేడెక్కాలి, తర్వాతే పిండి కలపాలి, కలిపిన వెంటనే పోయాలి. పదిమందికి నేర్పిన మాట. అత్తకు మాత్రం చెప్పలేదు. నా పని తగ్గుతోంది కదా అని, ఎప్పుడు కలిపిందో కూడా అడగకుండా ఊరుకున్నాను.

ఉన్నపళంగా ఆటో ఎక్కాను. బస్టాండు చేరేసరికి బస్సు కదులుతోంది. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తుండగా ఎక్కి, అత్త పక్కన కూలబడి అంతా చెప్పాను. తప్పు నాదే, క్షమించమన్నాను.

ఆమె కిటికీ వైపే చూస్తూ అంది. "నాలుగు కేకులు పోయినాయే, ఒకతూరైనా పిండి ఎట్ల కలిపినావని అడిగినావా? అడిగుంటే నానబెట్టినానని చెప్పుందును. సుమ్మా ఊరికే తలుపు, తలుపు అనే అంటివి."

 ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఊరు దాటి చెరుకు తోటలు వచ్చాక అత్త ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"ఏమే, ఆ అవన్ ఆర్పినావా?"

ఆర్పలేదు. వెంటనే మా ఆయనకు ఫోను చేశాను. ఆయన ఇల్లు చేరి, ఆర్పేశానని చెప్పేదాకా అత్త నా మణికట్టు వదల్లేదు.

ఏంబలంలో దిగాం. ఎదురుగా పాండీకి పోయే బస్సు నిలబడి ఉంది. అత్త సంచి కింద పెట్టకుండానే అటు నడిచింది.

"నిన్ను నమ్మి వంటిల్లు ఎట్ల విడిచేది" అంటూ ముందు తనే ఎక్కింది.