బియ్యం డబ్బాలో సీసా

రంగనాథన్ నడివీధిలో పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, మురుంగపాక్కంలో ఆ వీధి మొత్తానికి వైద్యం వచ్చేసింది.

నేర్పింది అతని భార్య ఆండాళమ్మే. మలుపుకో బ్రాందీ షాపున్న ఊళ్లో పడినవాడల్లా తాగినవాడే కదా! ముక్కు మూసుకుని అతన్ని దాటిపోయిన పెద్దమనుషుల్ని ఆమె ఏళ్ల తరబడి దులిపింది. తన మొగుడిది వలిప్పు, అంటే మూర్ఛ, తాగుడు కాదని అందరి చేతా ఒప్పించింది.

అందుకే ఎదురింటి వేల్మురుగన్ రంగనాథన్‌ను పక్కకు ఒత్తిగిలించి, పెద్ద డాక్టరులా చెయ్యెత్తాడు. "బెదరొద్దక్కా. వలిప్పే గదా! తాళాలు చేతికియ్యకూడదు, నోట్లో ఏం పెట్టకూడదు. రవ్వంతసేపుంటే లేచి కాఫీ అడుగుతాడు."

కొట్టుకోవడం ఆగింది. రంగనాథన్ లేవలేదు. కొలిమితిత్తిలా ఎగశ్వాస. పడబోయే ముందు, పట్టపగలు, గడపలో తడుముకుంటూ, "ఏందే, ఇంత మంచు పట్టింది? నువ్వు యాడుండావు?" అన్నాడు. మూర్ఛ ఏనాడూ అతని కళ్ల జోలికి పోలేదు.

నిన్న గాంధీ జయంతి. మహాత్ముడి మీద గౌరవంతో షాపులు మూసేశారు. సేదరపేట్ రంగుల కంపెనీలో పనిచేసే రంగనాథన్ కూడా తన వంతు గౌరవం చూపించాడు: ముందురోజే డ్రమ్ములోంచి రంగు పల్చన చేసే థిన్నరు పట్టి తెచ్చి, నీళ్లు కలిపి తాగాడు. పొద్దున వాంతి చేసుకుంటూ, "గాంధీ తాత మీద ఒట్టు, తాగలే" అన్నాడు. అతని సంచిలో రంగు వాసన కొట్టే సీసా దొరికితే ఆండాళమ్మ బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది. అది బయటపడితే ఇన్నేళ్ల పోట్లాట బూడిదే. పడిన ప్రతిసారీ తాగే పడ్డాడంటారు.

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. మొగుడు దక్కడు.

ఆమె లోపలికి ఉరికి సీసాతో వచ్చింది. "ఇది వలిప్పు గాదు! తాగినాడు! కంపెనీ మందు తాగినాడు! ఆటో పిలవండ్రా!"

వేల్మురుగన్ నొచ్చుకున్నాడు. "ఏందక్కా, జబ్బు మనిషిని తాగుబోతంటావా? తప్పు గదా!"

గోరిమేడు ఆసుపత్రిలో యానాం నుంచి వచ్చిన డాక్టరమ్మ సుష్మిత పాత ఫైలు తెరిచి, "ఫిట్స్ మాత్రలు మానేశారామ్మా?" అంది.

ఆండాళమ్మ సీసాను ఫైలు మీద పెట్టింది. "మానలే. నిన్న ఇది తాగినాడు. పడకముందే కళ్లు మసకలైనాయి."

సుష్మిత మూత తీసి వాసన చూసింది. "మంచిపని చేశారండి. చాలామంది సిగ్గుపడి దాచేస్తారు. ఈలోగా చూపు పోతుంది, మనిషీ పోతాడు." రక్తం పరీక్షకు పంపుతూనే విరుగుడు మొదలుపెట్టించి, డయాలసిస్‌కు తరలించింది.

రంగనాథన్ బతికాడు. మసకచూపుకు ముందుగా ఆనింది భార్య మొహమే. శిక్ష అక్కడే మొదలైంది. డ్రమ్ము మీద తాగకూడదని ఇంగ్లీషులో రాసే ఉందని కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. రంగనాథన్‌కు ఇంగ్లీషు రాకపోవడం అతని తప్పేనట.

ఇంటికి రాగానే వీధి మళ్లీ పాత పాట ఎత్తుకుంది. "అప్పుడే అనుకున్నాం, తాగుబోతని!"

ఆండాళమ్మ కొంగు దోపింది. "కూచోండి అందరూ. వలిప్పూ ఉండాది, తాగిందీ నిజమే. ఎప్పటిమాదిరి తెలివి రాకపోయినా, కళ్లు మసకన్నా, ఎగరొప్పినా ఆస్పత్రికే. ఏదీ, ఒప్పజెప్పు వేలూ."

వేల్మురుగన్ గొణుగుతూ మొదలుపెట్టాడు.

"గట్టిగా!" అంది ఆండాళమ్మ.